విమానాల బేరగాడు ఫ్రెడ్డీ లేకర్

నరసరావుపేట చుట్టుపక్కల లారీలు కొనేవాళ్లలో రెండు రకాలు కనిపిస్తారు. షోరూంకి వెళ్లి, కొబ్బరికాయ కొట్టి, కొత్త బండి తెచ్చుకునేవాళ్లు ఒక రకం. వాయిదాలు కట్టలేదని ఫైనాన్స్ వాళ్లు సీజ్ చేసిన బండి ఏ యార్డులో ఉందో కనుక్కుని వెళ్లేవాళ్లు రెండో రకం. ఈ రెండో రకం వాళ్లు బండి రేటు అడిగే ముందే ఇంకో సంగతి ఆరా తీస్తారు. అమ్మేవాడికి ఎంత తొందరగా ఉంది అని. ఇంగ్లండ్‌లో ఫ్రెడ్డీ లేకర్ అనే ఆయన ఈ ఒక్క ఆరాతోనే ముప్పై ఏళ్ల పాటు విమానాలు కొని బాగుపడ్డాడు. అది తీయడం మానేసిన మూడేళ్లకే మునిగిపోయాడు.

ఇప్పుడు గన్నవరంలో చవక టికెట్ మీద విమానం ఎక్కి, లోపల కాఫీకి కూడా డబ్బులు తీసుకుంటున్నారేంటని గొణుక్కుంటాం కదా, ఆ పద్ధతిని అట్లాంటిక్ సముద్రం మీద నిలబెట్టి చూపించినవాడు ఈయనే. లేకర్ పేరు చెప్తే అందరూ చవక టికెట్ గురించే మాట్లాడతారు. నాకు మాత్రం ఆయన విమానాలు కొన్న తీరే ఎక్కువ ఆసక్తిగా అనిపించింది. టికెట్ ధర కౌంటర్ దగ్గర తేలేది కాదు. విమానం ఎంతకి, ఎవరి దగ్గర, ఏ కరెన్సీలో కొన్నారన్న దగ్గరే అది సగం తేలిపోతుంది.

ఫ్రెడ్డీ 1922 ఆగస్టు 6న కాంటర్‌బరీలో పుట్టాడు. తండ్రి ఓడల్లో పనిచేసేవాడు, పిల్లవాడికి ఐదేళ్లప్పుడు ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. తల్లి కష్టం చేసి పెంచింది. చదువు పెద్దగా అబ్బలేదు. పదహారేళ్లకి రోచెస్టర్‌లో షార్ట్ బ్రదర్స్ విమానాల ఫ్యాక్టరీలో చేరాడు. యుద్ధం వచ్చాక, ఫ్యాక్టరీల నుంచి స్థావరాలకి విమానాలు చేరవేసే దళంలో పనిచేశాడు. డిగ్రీ లేదు గానీ విమానం ఒళ్లంతా చేత్తో తడిమి నేర్చుకున్నాడు. తర్వాత రోజుల్లో డజన్ల మంది ఇంజనీర్లతో వచ్చే కంపెనీల ముందు ఈయన ఒక్కడే కూర్చుని బేరం ఆడగలిగాడంటే దానికి కారణం ఇదే.

యుద్ధం అయిపోయాక ఇంగ్లండ్ నిండా పనిలేని విమానాలు, స్పేర్ పార్టులు. తుక్కు కింద అమ్ముతున్నారు. ఫ్రెడ్డీ ఆ వ్యాపారంలోకి దిగి, సౌతెండ్‌లో ఏవియేషన్ ట్రేడర్స్ అని ఒక కంపెనీ పెట్టాడు. 1948లో ప్రభుత్వ విమాన సంస్థ బీఓఏసీ తనకి అక్కర్లేని 12 హాలిఫాక్స్ విమానాలు అమ్మకానికి పెట్టింది. బాంబులు వేసే విమానాలని ప్రయాణికుల కోసం మార్చినవి అవి. ఒక మిత్రుడి దగ్గర అప్పు తీసుకుని, స్పేర్ పార్టులతో సహా అన్నీ కొనేశాడు. వాటితో ఏం చేయాలో అప్పటికి ఎవరికీ తెలియదు. ఆయనకి కూడా పూర్తిగా తెలుసని నేను అనుకోను.

అదే ఏడాది జూన్‌లో సోవియట్ వాళ్లు పశ్చిమ బెర్లిన్‌కి వెళ్లే దారులన్నీ మూసేశారు. 20 లక్షలకు పైగా జనానికి తిండీ బొగ్గూ అన్నీ విమానాల్లోనే అందించాల్సి వచ్చింది. ఎగరగలిగే ప్రతి విమానానికీ గిరాకీ పుట్టింది. ఫ్రెడ్డీ విమానాలు బెర్లిన్‌కి సరుకు మోశాయి. హాలిఫాక్స్‌లు నడిపే మిగతా కంపెనీలకి స్పేర్ పార్టులు కావాలంటే అవీ ఈయన దగ్గరే ఉన్నాయి. ఏడాది తిరిగేసరికి ఇరవై ఏడేళ్ల కుర్రాడు ధనవంతుడయ్యాడు. 1949లో దిగ్బంధం ఎత్తేయగానే అరిగిపోయిన విమానాల్ని దాచుకుని కూర్చోలేదు. చాలావాటిని ముక్కలు చేసి, కరిగించి, అల్యూమినియం కింద అమ్మేశాడు.

ఇదంతా అదృష్టమే అనొచ్చు, కొంత నిజమే కూడా. కానీ ఒక తేడా చూడండి. బెర్లిన్ సంఘటన జరక్కపోయినా ఆ 12 విమానాలు లోహం ధరకైనా అమ్ముడుపోయేవి. నష్టం ఎక్కడ ఆగుతుందో ముందే తెలిసిన బేరం అది.

ఆయన వేసిన ప్రతి అడుగూ కలిసి రాలేదు. 1956లో వైమానిక దళం వదిలించుకున్న ప్రెంటిస్ శిక్షణ విమానాలు 252 ఒక్కసారిగా కొన్నాడు. సొంతానికి ఎగరేసుకునేవాళ్లకి మార్చి అమ్ముదామని ఆలోచన. అమ్ముడైనవి పాతికకు అటూ ఇటూ. మిగతావి తుక్కులోకి పోయాయి. సొంతంగా తయారుచేసిన అకౌంటెంట్ అనే ప్రయాణికుల విమానం ఒక్కటి తప్ప రెండోది తయారవలేదు. కార్వేర్ మాత్రం కుదిరింది. పాత డీసీ-4 ముక్కు కోసేసి, పైలట్ గదిని పైకెక్కించి, ముందు నుంచి కార్లు ఎక్కేలా మార్చిన విమానం అది. ఐదు కార్లు, ఇరవై మందికి పైగా మనుషులు పట్టేవారు. కొత్త డిజైన్ ఖర్చు లేకుండా పాత విమానంతో కొత్త పని చేయించడం అన్నమాట. జేమ్స్ బాండ్ సినిమా గోల్డ్‌ఫింగర్‌లో విలన్ కారు ఎక్కించేది దాన్లోకే. మన మెకానికల్ వాళ్లు ఆ సీన్ ఇంకోసారి చూడాలి.

1960లో కొన్ని ప్రైవేటు కంపెనీలు కలిసి బ్రిటిష్ యునైటెడ్ ఎయిర్‌వేస్ అయినప్పుడు దాన్ని నడిపే బాధ్యత ఫ్రెడ్డీ మీద పడింది. తుక్కు కొనేవాడు మొదటిసారి ఫ్యాక్టరీ గేటు లోపలికి కొత్త కస్టమర్‌గా వెళ్లాడు. అక్కడ కూడా ఎదుటివాడి అవసరమే వెతికాడు. బ్రిటిష్ ఎయిర్‌క్రాఫ్ట్ కార్పొరేషన్ దగ్గర వన్-ఇలెవెన్ అనే చిన్న జెట్ కాగితం మీద ఉంది. మొదటి ఆర్డర్ రాకుండా ఏ కంపెనీ అయినా ఉత్పత్తిలోకి దిగడానికి జంకుతుంది. ఒకరు సంతకం పెడితేనే బ్యాంకులు కదులుతాయి, రెండో కస్టమర్ తలుపు తీస్తాడు. అందుకే మొదట కొనేవాడి మాటకి విలువ ఎక్కువ. ధర తగ్గుతుంది. సీట్లు, తలుపులు, బరువు ఎలా ఉండాలో చెప్పే అవకాశమూ దొరుకుతుంది. 1961 మేలో ప్రభుత్వ సంస్థల కంటే ముందు ఈ ప్రైవేటు కంపెనీ 10 విమానాలకి ఆర్డర్ ఇచ్చింది. 1965 ఏప్రిల్‌లో వన్-ఇలెవెన్ ప్రయాణికులతో ఎగిరింది. మొదటివాడిగా కొనడంలో ప్రమాదం కూడా ఉంటుంది లెండి, విమానం ఆలస్యమైతే ముందు దెబ్బ తగిలేది మొదటివాడికే.

ఆ 1965లోనే పదిహేడేళ్ల కొడుకు కెవిన్ కారు ప్రమాదంలో చనిపోయాడు. ఏడాది చివరికి ఫ్రెడ్డీ ఉద్యోగం వదిలేశాడు.

1966లో సొంత కంపెనీ, లేకర్ ఎయిర్‌వేస్. బీఓఏసీ వదిలేసిన రెండు పాత బ్రిటానియాలతో మొదలుపెట్టి, వెంటనే మూడు కొత్త వన్-ఇలెవెన్‌లకి ఆర్డర్ ఇచ్చాడు. చేతిలో ప్రయాణికులు లేని కొత్త కంపెనీకి బ్యాంకు అప్పు ఎలా ఇస్తుంది? ఇక్కడ ఆయన వేసిన ఎత్తు నాకు చాలా నచ్చింది. సెలవులకి స్పెయిన్ లాంటి చోట్లకి జనాన్ని తీసుకెళ్లే టూర్ కంపెనీల దగ్గరికి వెళ్లి, ఏడాదికి ఇన్ని గంటలని విమానం మొత్తాన్నే అద్దెకిచ్చాడు. సీట్లు నిండినా నిండకపోయినా అద్దె వస్తుంది. ఆ ఒప్పందాలే బ్యాంకు ముందు పెట్టాడు. అంటే పంట వేయకముందే కొనేవాడితో కాగితం రాయించుకుని, ఆ కాగితం మీద పెట్టుబడి తెచ్చుకోవడం. మిర్చి ధర యార్డుకి వెళ్లాక గానీ తెలియని మన రైతుకి ఇది ఎంత పెద్ద మాటో వేరే చెప్పక్కర్లేదు.

నడపడంలోనూ అంతే లెక్క. టేకాఫ్‌కి ఇంజిన్ పూర్తి శక్తి వాడకుండా, రన్‌వే పొడవునీ బరువునీ చూసుకుని తగ్గించి వాడమని పైలట్లకి చెప్పాడు. ఇంజిన్ తక్కువ వేడెక్కుతుంది, ఎక్కువ కాలం వస్తుంది. ప్రయాణికుల సామాను బరువు తగ్గించాడు. ఇప్పుడు ఇవన్నీ మామూలు విషయాలే. 1969లో, దివాలా తీసిన బ్రిటిష్ ఈగిల్ కంపెనీ వాడిన రెండు బోయింగ్ 707లు తెచ్చుకున్నాడు. మళ్లీ సీజ్ బండి బేరమే.

ఆయన బేరాల్లో గొప్పది డీసీ-10. 1970ల మొదట్లో మెక్‌డానెల్ డగ్లస్ డీసీ-10, లాక్‌హీడ్ ట్రైస్టార్ ఒకే సైజు, ఒకే మార్కెట్. జపాన్‌లోని ఆల్ నిప్పన్ ఎయిర్‌వేస్ కొంటుందన్న నమ్మకంతో మిత్సుయి అనే వర్తక సంస్థ ఆరు డీసీ-10లు ముందే పట్టిపెట్టింది. ఆల్ నిప్పన్ చివరికి ట్రైస్టార్ వైపు తిరిగింది. ఆ బేరం వెనక లంచాలు నడిచాయన్న సంగతి 1976లో బయటపడి, మాజీ ప్రధాని తనాకా అరెస్టయ్యాడు, అది వేరే కథ. మిత్సుయికి మిగిలింది కొనేవాడు లేని విమానాలు. ఇలా తోక మీద ఎవరి పేరూ లేకుండా నిలబడిపోయిన విమానాన్ని ఆ వ్యాపారంలో వైట్ టెయిల్ అంటారు. నిలబడిన ప్రతి నెలా అది డబ్బు తింటుంది. లేకర్ వెళ్లి కూర్చున్నాడు. సగటు కంపెనీకి దొరకని షరతుల మీద, లీజు కట్టుకుంటూ సొంతం చేసుకునే పద్ధతిలో, 1972లో రెండు విమానాలు తెచ్చుకున్నాడు. 345 సీట్లు. అవే ఆరింటిలో మూడు టర్కిష్ ఎయిర్‌లైన్స్ కొంది. వాటిలో ఒకటి 1974 మార్చి 3న పారిస్ దగ్గర సరుకు గది తలుపు ఊడి కూలిపోయింది, 346 మంది చనిపోయారు. విమానం ఎంపికలో ధర ఒక్కటే చూడకూడదనడానికి అంతకంటే ఘోరమైన ఉదాహరణ ఇంకొకటి నాకు తెలియదు.

ఆ డీసీ-10లు ఎందుకోసమంటే స్కైట్రైన్ కోసం. అప్పట్లో లండన్–న్యూయార్క్ టికెట్ ధరని విమాన కంపెనీలన్నీ కలిసి నిర్ణయించేవి. లేకర్ 1971లోనే ఒక అర్జీ పెట్టాడు. రిజర్వేషన్ ఉండదు, రైలుకి వచ్చినట్టు వచ్చి, క్యూలో నిలబడి, టికెట్ కొని ఎక్కడమే. భోజనం కావాలంటే విడిగా కొనుక్కోవాలి. 1972లో లైసెన్సు ఇచ్చారు. 1975లో ప్రభుత్వం అడ్డం తిరిగింది. ఆయన కోర్టుకెక్కి 1976 డిసెంబర్‌లో గెలిచాడు. 1977 సెప్టెంబర్ 26న మొదటి స్కైట్రైన్ గాట్విక్ నుంచి న్యూయార్క్‌కి 272 మందితో బయల్దేరింది. టికెట్ 59 పౌండ్లు. క్లీనర్లు, విద్యార్థులు, ఏళ్ల తరబడి బంధువుల్ని చూడనివాళ్లు జన్మలో మొదటిసారి అట్లాంటిక్ దాటారు. మరుసటి ఏడాది ఆయన సర్ ఫ్రెడ్డీ అయ్యాడు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. 1972లో విమానాలు వచ్చాయి, 1977 దాకా స్కైట్రైన్ లేదు. ఆ ఐదేళ్లూ డీసీ-10లు ఖాళీగా నిలబడలేదు. చార్టర్ విమానాలుగా తిరుగుతూ తమ వాయిదాలు తామే కట్టుకున్నాయి. లైసెన్సు రాకపోయినా బతికే ఏర్పాటు ఆ కొనుగోలులోనే ఉంది.

1979కి వచ్చేసరికి ఆ జాగ్రత్త పోయింది. లాస్ ఏంజెలెస్‌కి ఆగకుండా వెళ్లాలంటే పాత రకం డీసీ-10కి దూరం చాలదు, మధ్యలో ఇంధనం నింపుకోవాలి. అందుకని ఎక్కువ దూరం వెళ్లే డీసీ-10-30లు ఐదు తీసుకున్నాడు. యూరప్ నగరాల మధ్య కూడా స్కైట్రైన్ నడపాలని 10 ఎయిర్‌బస్ ఎ300లకి ఆర్డర్ ఇచ్చాడు. ఇంజనీరింగ్‌గా చూస్తే రెండూ సరైన ఎంపికలే. తక్కువ దూరానికి రెండు ఇంజిన్ల వెడల్పాటి విమానం, సీటుకి ఇంధనం తక్కువ. తప్పు వేరే చోట ఉంది. ఎ300లు తిరగాల్సిన దారులకి అనుమతి లేదు. 666 మార్గాలకి ఒకేసారి దరఖాస్తు పెట్టాడు, కాదన్నారు. కోడిపందెం మీద రాజ్యాన్ని ఒడ్డి, ఓడి, ఏడేళ్లు అడవులు పట్టిన కథ వింటూ పెరిగిన మాచర్ల, కారంపూడి వాళ్లకి ఈ ధైర్యం కొత్తగా అనిపించకపోవచ్చు.

ఈసారి అమ్మేవాడికి తొందర లేదా అంటే, ఉంది. కానీ ఆ తొందర ధర తగ్గించడంలో కనిపించలేదు, అప్పు సులభంగా ఇప్పించడంలో కనిపించింది. విమానం అమ్ముడైతే ఫ్యాక్టరీ నడుస్తుంది. అందుకే అమెరికా ప్రభుత్వ ఎగుమతి బ్యాంకు, విమానం తయారుచేసిన మెక్‌డానెల్ డగ్లస్, ఇంజిన్ తయారుచేసిన జనరల్ ఎలక్ట్రిక్ తలో చేయి వేసి అప్పు సర్దాయి. మొదటి మూడు ఎయిర్‌బస్‌ల కోసం మిడ్‌ల్యాండ్ బ్యాంకు ముందుండి 13.1 కోట్ల డాలర్లు సమకూర్చింది. రేటు బాగుందా లేదా అని చూసుకునే మనిషి, అప్పు దొరుకుతోంది కదా అనే మనిషిగా మారాడు. పైగా చిన్న కంపెనీలో 707, వన్-ఇలెవెన్, రెండు రకాల డీసీ-10, ఎ300 అన్నీ చేరాయి. ఒక్కో రకానికీ వేరే పైలట్ శిక్షణ, వేరే స్పేర్లు.

అప్పు డాలర్లలో, టికెట్లు ఎక్కువగా పౌండ్లలో. 1980 చివర్లో ఒక పౌండుకి 2.40 డాలర్లు వచ్చేవి. 1981 వేసవికి 1.80 దగ్గరికి పడింది. లెక్క వేసి చూడండి. 10 కోట్ల డాలర్ల అప్పుకి ముందు 4.17 కోట్ల పౌండ్లు చాలేవి. ఏమీ కొనకుండానే, ఏమీ తప్పు చేయకుండానే అది 5.56 కోట్లయింది. మన సీనియర్లు ఎంఎస్‌కి వెళ్లేటప్పుడు లోన్ రూపాయల్లో శాంక్షన్ అయి, ఫీజు డాలర్లలో కట్టాల్సి వచ్చి, మధ్యలో రూపాయి జారినప్పుడు ఇంట్లో మళ్లీ ఎక్కడ సర్దాలని పడే ఇబ్బంది ఇదే. కాకపోతే చదువయ్యాక వాళ్ల సంపాదన డాలర్లలోకి మారుతుంది. లేకర్‌కి ఆ దారి కూడా లేదు.

దెబ్బలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 1979 మేలో చికాగోలో డీసీ-10 కూలిపోతే అమెరికాలో ఆ రకం విమానాలన్నిటినీ ఐదు వారాల పాటు నేల మీద నిలబెట్టారు. సరిగ్గా వేసవి సీజన్‌లో. తన పెద్ద విమానాలన్నీ అప్పుడు ఆ ఒక్క రకమే. తర్వాత ఆర్థిక మాంద్యం. 1981 చలికాలం మొదట్లో పాన్ యామ్ తన ధరల్ని లేకర్ ధరల దాకా దించింది, మిగతా పెద్ద కంపెనీలూ దించాయి. అదే రేటుకి భోజనం పెట్టే విమానం దొరుకుతుంటే క్యూలో ఎవరు నిలబడతారు? అప్పిచ్చిన తయారీదారులే అప్పులో కొంత వదులుకుని ఆదుకునే ప్రయత్నం జరిగింది. లేకర్‌కి సాయం చేస్తే మా వ్యాపారం సంగతి చూసుకోండని ఇతర విమాన కంపెనీలు వాళ్ల మీద ఒత్తిడి తెచ్చాయన్నది తర్వాత కోర్టుకెక్కిన ఆరోపణ. తయారీదారే అప్పులవాడైతే వచ్చే చిక్కు ఇది. అతనికి నువ్వొక్కడివే కస్టమర్ కాదు.

1982 ఫిబ్రవరి 5న లేకర్ ఎయిర్‌వేస్ మూతపడింది. జనం చెక్కులు, ఉత్తరాలు పంపారు, నిలబెట్టమని చందాలు పోగుచేశారు. కుదరలేదు. కంపెనీ తరఫున అమెరికాలో వేసిన దావా 1985లో రాజీ అయింది. అప్పులవాళ్లకీ ప్రయాణికులకీ కలిపి 4.8 కోట్ల డాలర్లు, ఆయనకి 80 లక్షల డాలర్లు దక్కాయి.

లేకర్ కూలిన తీరుని తర్వాతి వాళ్లు బాగా చదువుకున్నారు. 1984లో రిచర్డ్ బ్రాన్సన్ వర్జిన్ అట్లాంటిక్ మొదలుపెడుతూ ఈయన సలహా తీసుకున్నాడు. బోయింగ్ దగ్గర ఒకే ఒక్క పాత 747 తీసుకుని, కుదరకపోతే ఏడాది తర్వాత వెనక్కిచ్చేస్తానని ఒప్పందంలో రాయించుకున్నాడు. ర్యాన్ఎయిర్ 2002 జనవరిలో, సెప్టెంబర్ 11 దాడుల తర్వాత ఎవరూ విమానాలు కొనని సమయంలో, బోయింగ్‌కి 100 విమానాల ఆర్డర్ ఇచ్చింది, అన్నీ ఒకే రకం. ఒక్క విమానమైనా ఎగరకముందే ఇండిగో 2005లో 100 ఎయిర్‌బస్‌లకి ఆర్డర్ ఇచ్చింది. పెద్ద సంఖ్య వల్ల వచ్చిన తగ్గింపు ధరకి విమానం తీసుకుని, లీజు కంపెనీకి అమ్మి, దాన్నే మళ్లీ అద్దెకి తెచ్చుకోవడం దాని పద్ధతి. కొన్నేళ్లకి పాతబడిన విమానం బాధ్యత ఇంకొకరిది. అయినా ఆ అద్దె డాలర్లలోనే. టికెట్ కొనే మనం రూపాయలు ఇస్తాం. రూపాయి జారిన ప్రతిసారీ మన దేశంలో విమాన కంపెనీల లెక్కలు ఎందుకు తారుమారవుతాయో ఇక వివరించక్కర్లేదు.

సర్ ఫ్రెడ్డీ బహామాస్ వెళ్లిపోయాడు. 1992లో అక్కడ ఫ్రీపోర్ట్‌లో మళ్లీ ఒక చిన్న విమాన కంపెనీ పెట్టాడు, పాత బోయింగ్ 727లతో. 1996లో ఫ్లోరిడా నుంచి ఇంగ్లండ్‌కి డీసీ-10లు నడిపాడు. రెండేళ్లకి అది ఆగిపోయింది. 2006 ఫిబ్రవరి 9న, 83 ఏళ్ల వయసులో ఫ్లోరిడాలో చనిపోయాడు. వర్జిన్ వాళ్ల 747 ఒకదాని ముక్కు మీద ఆయన పేరు రాసి ఉండేది.